పచ్చికట్టు, ఎండుకట్టు: చుట్టల ప్యాకింగ్‌లో ముప్ఫై ఆరేళ్లు

మా పక్కింటి అమ్మాయి శ్రావణికి నందిగామలో అట్టపెట్టెలు చేసే కంపెనీలో ఉద్యోగం వచ్చింది. స్వీట్లకు, కారప్పొడికి, పచ్చళ్లకు పెట్టెలు డిజైన్ చేస్తుంది. చేరిన వారానికి మా ఇంటికొచ్చి, "అంకుల్, మీరు కూడా ప్యాకింగ్‌లోనే చేశారంట గదా. చుట్టలకి ప్యాకింగ్ ఏముంటుందండీ, దారం కట్టడమేగా?" అంది.

"దారం కట్టడమేనమ్మా. అది నేర్చుకునేసరికి నాకు నాలుగేళ్లు పట్టింది" అన్నాను.

ఆ అమ్మాయి నవ్వింది. నాకు నవ్వు రాలేదు, కోపం వచ్చింది. ఆ కోపం చల్లారకముందే కాగితం పెన్ను తీసుకుని కూర్చున్నాను.

జగ్గయ్యపేటలో ఒక చుట్టల కంపెనీలో ముప్ఫై ఆరేళ్లు ప్యాకింగు చూశాను. ఎప్పుడు ఏ హోదా వచ్చింది, ఎవరు శాలువా కప్పారు అన్నది ఎవరికీ పనికిరాదు, అవి రాయను. చుట్ట ఏయే బట్టలు కట్టుకుని బజారుకు వెళ్లిందో రాస్తాను. ఒక్కో కట్టు నాకు ఏం నేర్పిందో రాస్తాను. అన్నిటికన్నా ముఖ్యంగా, ఒక వానాకాలం నేను ఆడిన ఒక మాట వల్ల మస్తాన్‌బీ అనే మనిషి పని పోయింది. ఆ సంగతి దాచి మిగతావన్నీ చెబితే ఇది ఉత్త డబ్బా కొట్టుకోవడం అవుతుంది. కాబట్టి అదీ రాస్తాను. మిగతాదంతా దానికి దారి అనుకోండి.

ఇంకో మాట. చుట్ట గొప్పదని చెప్పడానికి ఇది రాయడం లేదు. నేను జన్మలో ఒక్క చుట్ట కాల్చలేదు. మా పెదనాన్న దవడ పుండుతో పోయాడు. చివరి నెలల్లో ఆయన నోట్లో గంజి పోసింది నేనే. ఆ పని చేస్తూనే ఈ ఉద్యోగం చేశాను. ఇది సమర్థించుకోవడం కాదు, ఉన్నమాట.

జేబు లేని రోజుల్లో

పూర్వం చుట్టకు ప్యాకింగ్ అంటూ ఏమీ లేదు. రైతు తన పొగాకు తానే చుట్టుకునేవాడు, తలపాగా మడతలో దోపుకునేవాడు. ఒకటి చెవి మీద ఉండేది. ఆడవాళ్లు బొడ్లో పెట్టుకునేవాళ్లు. దూరం వెళ్లేవాళ్లు తాటాకుతో అల్లిన సన్నటి తిత్తి తీసుకుపోయేవాళ్లు. దానికి పైన టోపీలాగా ఇంకో తాటాకు మూత. మా షావుకారు సుబ్బారాయుడు గారి తాత చందర్లపాడు నుంచి అలాంటి తిత్తులు భుజాన వేసుకుని తిరునాళ్లకు తిరిగేవాడట. ఆ తిత్తి ఒకటి షావుకారు గారి గదిలో మేకుకు వేలాడుతూ ఉండేది. వానలో తడిసినా లోపల చుట్ట మెత్తబడదు, ఎండలో పెట్టినా పెళుసెక్కదు. నేను చూసిన ప్యాకింగులన్నిటిలో అంతకన్నా తెలివైనది లేదని ఇప్పటికీ అంటాను.

తరవాత అంగళ్లు వచ్చాయి. వెదురుబుట్టలో ఆకు పరిచి విడిచుట్టలు పోసి అమ్మేవాళ్లు. కొనేవాడు నాలుగు తీసి, వేళ్లతో నలిపి, మూడు పారేసి ఒకటి కొనేవాడు. దాంతో సగం చుట్టలు చేతుల్లోనే పాడయ్యేవి. కట్ట పుట్టింది అందుకే. ఎండావానల నుంచి కాపాడటానికి కాదు, కొనేవాడి వేళ్ల నుంచి తప్పించడానికి.

చొక్కాకు జేబు వచ్చాక చిన్న పెట్టె వచ్చింది. కీసర దగ్గర హైవే మీద టీకొట్టులో లారీడ్రైవర్లు మా చుట్టలు కొనేవాళ్లు. పాతిక చుట్టల కట్ట స్టీరింగు ముందు పెట్టుకుంటే దొర్లిపోతుంది. ఐదు చుట్టలు కాగితంలో చుట్టి ఇస్తే జేబులో నలిగిపోతాయి. ఒక డ్రైవరు విరిగిన చుట్టలు నా చేతిలో పోసి, "మేస్త్రీ, ఇది చుట్టా, నశ్యమా?" అని అడిగాడు. ఆ మాటతోనే ఐదు చుట్టలు పట్టే గట్టి అట్టతొడుగు చేయించాను. శ్రావణి లాంటి పిల్లలకు నేను చెప్పేది ఇదే. పెట్టె గీసేముందు అది ఎక్కడ కూర్చుంటుందో వెళ్లి చూడండి. తలపాగాలోనా, బొడ్లోనా, జేబులోనా అన్నది కంప్యూటరు చెప్పదు.

రెండుసార్లు కట్టే కట్ట

చుట్ట చుట్టేటప్పుడు ఆకు తడిగా ఉంటుంది. పొడి ఆకు వంగదు, విరుగుతుంది. కాబట్టి అప్పుడే చుట్టిన చుట్టలో తడి ఉంటుంది. మా దగ్గర దాన్ని ముందు అరటినారతో వదులుగా కట్టి, నీడలో వెదురు దండేల మీద వేలాడదీసేవాళ్లం. అది పచ్చికట్టు. ఆరేకొద్దీ చుట్ట సన్నబడుతుంది, కట్టు ఇంకా వదులవుతుంది. అప్పుడు నార విప్పి, వంకరవీ చిరిగినవీ ఏరేసి, రంగుదారంతో బిగించి కట్టాలి. అది ఎండుకట్టు. దానిమీదే లేబులు.

పచ్చికట్టు ఎవరైనా కడతారు. ఎండుకట్టు ఎప్పుడు కట్టాలో చెప్పడమే అసలు పని. ఎండాకాలం నాలుగు రోజులకే సిద్ధమవుతుంది. వానాకాలం పది రోజులైనా కాదు. క్యాలెండరు చూసి చెప్పేది కాదు. మా షెడ్డులో అది చెప్పే మనిషి మస్తాన్‌బీ.

ఆమె నాకన్నా పదేళ్లు పెద్ద. భర్త దర్జీ. చూపు మందగించి మిషను మూలపెట్టాడు, ఇల్లు ఆమె సంపాదన మీదే నడిచేది. షెడ్డులో ఇరవైమంది ఆడవాళ్లు కట్టలు కట్టేవాళ్లు. వాళ్లందరికీ ఆమె మాటే మాట. కట్టలోంచి ఒక చుట్ట లాగి, చెవి దగ్గర పెట్టుకుని, రెండు వేళ్ల మధ్య మెల్లగా దొర్లించేది. ఆరిన ఆకు చిన్నగా చిటచిటమంటుంది. పచ్చిగా ఉంటే ఏమీ వినపడదు.

నేను చేరిన కొత్తలో ఎన్నిసార్లు చెవి దగ్గర పెట్టుకున్నా నాకు ఏమీ వినపడేది కాదు. "నాకు చెవుడేమో అక్కా" అన్నాను ఒకసారి.

"చెవుడు కాదు తమ్ముడూ, తొందర. ముందు ఊపిరి బిగబట్టు, తర్వాత దొర్లించు" అంది.

నాలుగేళ్లు పట్టింది అన్నానే, అది ఇదే. ఆ తర్వాత కూడా ఆమెకు వినపడినంత నాకు వినపడలేదు.

ఉడుత తల తిప్పింది

మాది ఉడుత మార్కు. పసుపు కాగితం మీద గోధుమరంగు ఉడుత, చేతిలో జామకాయ. లేబుళ్లు శివకాశి నుంచి కట్టలుగా వచ్చేవి. ఘాటు చుట్టకు ఎర్రదారం, సాదా చుట్టకు తెల్లదారం. చదువు రానివాళ్లే మా చుట్టలు ఎక్కువ కొనేవాళ్లు. వాళ్లకు లేబులు మీద అక్షరాలు లేవు. ఉడుత ఉంది, దారం ఉంది, అంతే.

ఒకసారి లేబుళ్లు అయిపోయాయి. శివకాశి సరుకు రావడానికి నెల పట్టేట్టుంది. నందిగామలో ఒక పెయింటరుతో పాత లేబులు చూపించి కొత్త ఉడుతను వేయించాను. పాతదానికన్నా అందంగా వేశాడు. తోక వెంట్రుకలు లెక్కపెట్టవచ్చు. అక్కడే ప్రెస్సులో అచ్చు వేయించి, నా తెలివికి నేనే మురిసిపోతూ సరుకు పంపాను.

వారానికి పెనుగంచిప్రోలు అంగడి నుంచి కబురొచ్చింది, సరుకు కదలడం లేదని. ఆటో ఎక్కి వెళ్లాను. అంగడి అరుగు మీద ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. కట్ట ఆమె చేతిలో పెట్టి, "ఏం మామ్మా, ఏం లోపం?" అని అడిగాను.

"ఇది దొంగసరుకు నాయనా. మా ఉడుత అటు జూస్తది. ఇది ఇటు జూస్తంది" అంది.

లేబులు తిప్పి తిప్పి చూశాను. పాత ఉడుత ఎడమవైపు చూస్తుంది. పెయింటరు కుడివైపు తిప్పాడు. ఇరవైమంది ఆడవాళ్లు, నేను, ప్రెస్సువాళ్లు, షావుకారు గారు, ఎవ్వరం గమనించలేదు. ఆ ముసలమ్మ గమనించింది.

"లోపల చుట్ట అదే మామ్మా, ఒకటి వెలిగించి చూడు" అన్నాను.

"ఎందుకు చూడాలి? మొహం మార్చుకున్నోడి మాట నమ్ముతామా?" అని కట్ట నా చేతిలో పెట్టేసింది.

లేబుళ్లన్నీ చించేసి మళ్లీ అంటించాం. అందంగా ఉండటం లేబులు పని కాదు, గుర్తుపట్టేలా ఉండటం దాని పని. ఇప్పటి కంపెనీలు ఆర్నెల్లకోసారి డిజైన్ మారుస్తుంటే నాకు ఆ ముసలమ్మే గుర్తొస్తుంది. మార్చవద్దని అనను. మార్చేముందు అరుగు మీద కూర్చున్నవాళ్లను ఒకసారి అడగండి అంటాను.

డబ్బాలు, ఉంగరాలు, వేపచెక్క

రేకు డబ్బాలు నేను చేరకముందే ఆగిపోయాయి. కానీ ఊళ్లో ఏ ఇంట్లో చూసినా ఒకటి ఉండేది, సూదులకో గుండీలకో. చుట్ట కాలి బూడిదైనా డబ్బా మూడు తరాలు బతికేది. అలా ఇంట్లో మిగిలిపోయే ప్యాకింగును మించిన ప్రచారం లేదు. రేకుతో తంటా ఒకటే. ఎండకు వేడెక్కుతుంది, చలికి లోపల చెమ్మ పడుతుంది.

ఒకసారి సుబ్బారాయుడు గారికి ఎవరో విదేశీ చుట్టల పెట్టె బహుమతిగా ఇచ్చారు. దాన్ని నా ముందు పెట్టి, "చూడవయ్యా కోటేశ్వరరావ్, వాళ్లు ఎట్టా చేస్తారో" అన్నారు. పల్చటి చెక్కపెట్టె. మూతకు లోపలివైపు ఒక రంగుల బొమ్మ. వరసకీ వరసకీ మధ్య కాగితమంత పల్చటి చెక్కరేకు. ఒక్కో చుట్టకు నడుమున కాగితపు ఉంగరం. ఆ ఉంగరం ఎందుకు పెట్టారో ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు. నాకు తోచింది ఏమిటంటే, పెట్టెలోంచి బయటికి తీశాక కూడా మార్కు చుట్టను వదలకూడదని. రెండు రోజులు ఆ పెట్టెను విప్పి, కొలిచి, వాసన చూశాను. మేకులు తక్కువ, అతుకులు ఎక్కువ. చెక్క తడిని తాగుతుంది, వదులుతుంది. తాటాకు తిత్తి కూడా అదే పని చేసేది.

సరే, మనమూ చేద్దాం అని పెళ్లిళ్లకూ పెద్దవాళ్లకూ ఇచ్చే చెక్కపెట్టెలు మొదలుపెట్టాం. పురుగు పట్టదని వేపచెక్క ఎంచుకున్నాను. పురుగు పట్టలేదు, మనుషులు కూడా ముట్టలేదు. చుట్టకు చేదువాసన పట్టేసింది. షావుకారు గారు ఒకటి వెలిగించి, దగ్గి, "ఏమయ్యా, ఇది చుట్టా, కషాయమా?" అన్నారు. ఆ పెట్టెలు మా షెడ్డులో దారపు ఉండలు పెట్టుకోవడానికి పనికొచ్చాయి.

పెట్టె మీద పుండు

తర్వాత తర్వాత ప్రభుత్వం నియమం పెట్టింది. పెట్టె మీద చాలాభాగం హెచ్చరిక ఉండాలి, పుండు బొమ్మతో సహా. ఉడుత ఒక మూలకు, తపాలాబిళ్లంత అయిపోయింది. చిన్న షావుకారు, అంటే సుబ్బారాయుడు గారి అబ్బాయి, మండిపడ్డాడు. "మన సరుకు మీద మనమే శాపనార్థాలు రాసుకోవాలా?" అన్నాడు. ఆ బొమ్మను చీకటి రంగులో వేసి కనపడకుండా చేయగలవా అని నన్ను అడిగాడు.

చేయగలను. అచ్చు పని తెలిసినవాడికి అది పెద్ద విద్య కాదు. కానీ ఆ బొమ్మలో దవడ చూస్తే నాకు మా పెదనాన్నే కనిపించాడు. "చెయ్యనండీ. ఆ బొమ్మ అబద్ధమైతే చెప్పండి, తీసేద్దాం" అన్నాను. నాలుగు రోజులు మాట్లాడలేదు ఆయన. బొమ్మ మాత్రం స్పష్టంగానే పడింది. ప్యాకింగు చేసేవాడు సరుకు గురించి చెప్పే మాట నిజమై ఉండాలి. ఈ ముక్క అంత ధైర్యంగా ఎలా అనగలిగానంటే, అంతకు చాలా ఏళ్ల ముందే ఒక అబద్ధం ఆడి దాని రుచి చూశాను. ఇక అసలు సంగతికి వస్తాను.

ఊపిరాడని కవరు

పాలిథిన్ కవర్లు కొత్తగా వచ్చిన రోజులు. పక్క ఊళ్లలో బిస్కెట్లు, మిక్చరు, చింతపండు, అన్నీ కవర్లలోకి ఎక్కేశాయి. నేను ఒక సీలింగ్ మిషను కొనిపించాను. కట్టను కవర్లో పెట్టి, మూతి వేడికమ్మీ కింద నొక్కితే అతుక్కుపోతుంది. లోపల ఉడుత తళతళా మెరుస్తూ కనపడుతుంది. షావుకారు గారికి చూపిస్తే మురిసిపోయారు. ఖమ్మం వైపు ఒక పెద్ద వ్యాపారి ఆ కవరు చూసే ఆర్డరు ఇచ్చాడు. శ్రావణమాసం ముసురు. ఆర్డరు గడువు దగ్గరపడుతోంది. దండేల మీద పచ్చికట్లు వేలాడుతున్నాయి, ఆరడం లేదు.

మస్తాన్‌బీ చుట్ట చెవి దగ్గర పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. "ఇంకా పచ్చిగానే ఉండాయి తమ్ముడూ. మూడు రోజులన్నా గాలి తగలాల."

"కవర్లో పెడుతున్నాం గదా అక్కా. బయట చెమ్మ లోపలికి పోదు."

"బయటది లోపలికి పోదు, సరే. లోపలది బయటికి ఎట్టా పోద్ది?"

ఇంత సూటి ప్రశ్న నన్ను మళ్లీ ఎవరూ అడగలేదు. మిషను తెచ్చింది నేను, మురిసింది నేను, షావుకారు దగ్గర మాటిచ్చింది నేను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అన్నట్టు, "నువ్వు కట్టించు అక్కా, మిగతాది నేను చూసుకుంటా" అన్నాను. ఆమె ఎండుకట్టు కట్టించింది. నేను సీలు వేయించాను.

ఇరవై రోజులకు పెట్టెలన్నీ వాపసు వచ్చాయి. ఒక కవరు కోస్తే తడిసిన గోనెపట్టా వాసన గుప్పుమంది. చుట్టల మీద తెల్లటి బూజు. రెండోది కోశాం, మూడోది కోశాం, అన్నీ అంతే. షావుకారు గారు షెడ్డులోకి వచ్చారు. ఇరవైమంది ఆడవాళ్లూ చేతులు ఆపి నిలబడ్డారు.

"ఆరకుండా ఎండుకట్టు కట్టిందెవరు?" అని అడిగారు ఆయన.

అప్పుడు నేను చెప్పాల్సింది ఒక్కటే మాట. నేనే కట్టించాను అని. ఆ మాట గొంతు దాకా వచ్చింది. నోట్లోంచి వచ్చింది వేరే మాట.

"ఆరిందో లేదో చూసేది మస్తాన్‌బీ గదండీ" అన్నాను.

చూడండి, ఇందులో అక్షరం కూడా అబద్ధం లేదు. ఆరిందో లేదో చూసేది ఆమే. అబద్ధాల్లోకెల్లా నీచమైనది ఇలాంటి నిజమే. ఆడలేక మద్దెల ఓడన్నవాడు నయం, వాడు నింద వేసింది మద్దెల మీద. నేను వేసింది మనిషి మీద.

మస్తాన్‌బీ నా వైపు తిరిగింది. "నేను చెప్పా గదా తమ్ముడూ?" అంది. గట్టిగా అనలేదు, మామూలుగా అడిగినట్టే అడిగింది.

నేను పెట్టెల వైపు చూస్తూ ఉండిపోయాను.

"రేపటినుంచి నువ్వు రావద్దమ్మా" అన్నారు షావుకారు గారు. ఆమె కత్తెర, పీట, అన్నం క్యారేజీ తీసుకుని వెళ్లిపోయింది.

పదకొండు రోజులు

ఆ మర్నాడే రెండు కట్టలు తీసుకున్నాను. రెండూ ఇంకా పచ్చివే, ఒకే దండెం మీదివి. ఒకటి కవర్లో పెట్టి సీలు వేశాను, ఇంకోటి ఉత్త కాగితంలో చుట్టాను. రెండూ బీరువా మీద పెట్టి రోజూ చూశాను. రుజువు దొరకనీ, అప్పుడు చెబుతాను అని నాకు నేను చెప్పుకున్నాను. అదంతా బుకాయింపు. రుజువు నాకు ముందే తెలుసు, ఆమె అడిగిన ఆ ఒక్క ప్రశ్నే రుజువు. నాకు ఉన్నది భయం. ఉద్యోగం పోతుందని భయం, ఇరవైమంది ముందు పరువు పోతుందని భయం.

ఆ పదకొండు రోజులూ షెడ్డులో నాతో ఎవరూ అవసరానికి మించి మాట్లాడలేదు. కట్టలు ఆరాయో లేదో చెప్పేవాళ్లు లేరు. నేనే చెవి దగ్గర పెట్టుకుని వినేవాణ్ణి. నా గుండె చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. పన్నెండోనాడు పొద్దున కవరు కోశాను. తెల్లగా బూజు. కాగితంలో కట్ట శుభ్రంగా ఉంది. రెండూ పట్టుకుని షావుకారు గారి గదిలోకి వెళ్లాను.

ఆయన రెండూ చూసి, "ఏంటిది?" అన్నారు.

"తప్పు నాదండీ. పచ్చిగా ఉన్నాయని మస్తాన్‌బీ అక్క చెప్పింది. నేనే కట్టించాను. తెలిసే ఆమె మీద పెట్టాను."

సుబ్బారాయుడు గారు కోపిష్టి. చేతిలో ఏముంటే అది విసిరే మనిషి. ఆ రోజు విసరలేదు. కిటికీలోంచి షెడ్డు వైపు చూశారు.

"కవరు చూసి మురిసింది నేను కూడా. అందులో నాకూ పాలుంది. ఆమె మీద వేసింది మాత్రం నీ ఒక్కడిదే. పో, నువ్వే పోయి పిలుచుకురా. ఆమె రాకపోతే నువ్వు కూడా రావద్దు" అన్నారు.

ఎంతోమంది పైవాళ్లను చూశాను. తన వాటా తప్పు తను తీసుకుని, నా వాటా నాకు వదిలేసినవాడు ఆయన ఒక్కడే.

మస్తాన్‌బీ ఇంటికి వెళితే ఆమె భర్త చెప్పాడు, నందిగామలో మిరపకాయల తొడిమలు తీసే పనికి పోతోందని. బస్సెక్కి వెళ్లాను. పెద్ద షెడ్డు, ఎర్రటి గుట్టలు, ముక్కుకు గుడ్డ కట్టుకుని వరసగా ఆడవాళ్లు. లోపలికి అడుగుపెట్టగానే నాకు తుమ్ములు, కళ్లనీళ్లు. ఆమె నన్ను చూసి కూడా చేతులు ఆపలేదు. ఆ వేళ్లు చుట్ట పట్టుకుని సడి వినే వేళ్లు. మంటకు ఎర్రగా పొంగి ఉన్నాయి. వాటిని చూసి నాకు ఏడుపొచ్చింది. మిరపఘాటు అనుకుని ఎవరూ పట్టించుకోలేదు.

"అక్కా, షావుకారు గారితో నిజం చెప్పాను. నిన్ను రమ్మన్నారు" అన్నాను.

"యాడ చెప్పావు?"

"ఆయన గదిలో."

"నన్ను దొంగను చేసింది గదిలో గాదు గదా. షెడ్డులో. ఇరవైమంది ముందర." ఇంకో కాయ తొడిమ తుంచింది. "ఆడ చెప్పు. అప్పుడు వస్తా."

షెడ్డులో

మర్నాడు పొద్దున్నే అందరూ పీటల మీద కూర్చున్నాక షెడ్డు మధ్యకు వెళ్లి నిలబడ్డాను. షావుకారు గారు గుమ్మం దగ్గర నిలబడ్డారు. మస్తాన్‌బీ వినడానికి వచ్చింది గానీ బయట వరండాలోనే ఉంది, లోపలికి రాలేదు. ముందురోజు తిరుగు బస్సులో ఏం చెప్పాలో పాఠంలాగా వల్లించుకున్నాను. నిలబడేసరికి అదంతా ఎగిరిపోయింది.

"ఆ కట్టలు పచ్చిగా ఉన్నాయని అక్క నాతో చెప్పింది. నేను వినలేదు. బూజు పట్టాక నా తప్పు ఆమె మీద పెట్టాను. ఆమె తప్పు ఏమీ లేదు" అన్నాను.

మూలనున్న రమణమ్మ దారం చుట్టుకుంటూ, "ఆ సంగతి మాకు ఆ రోజే తెలుసులెండి" అంది.

అందరికీ తెలుసట. ఆమె నాతో చెప్పడం పక్కన కూర్చున్నవాళ్లందరూ విన్నారట. తమ పని ఎక్కడ పోతుందోనని ఎవరూ నోరు విప్పలేదు. పదకొండు రోజులు నేను పరువు కాపాడుకుంటున్నాననుకున్నాను. కాపాడుకోవడానికి అక్కడ పరువే లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు సిగ్గుపడ్డాను.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. కవర్లకు దబ్బనంతో చిల్లులు పొడిచాం, తర్వాత వాటిని మానేసి మైనపు కాగితానికి వచ్చాం, అట్టపెట్టెకు గాలికంతలు పెట్టాం. అవన్నీ పుస్తకాల్లో దొరుకుతాయి. తప్పు ఒప్పుకోవడం మాత్రం ఎక్కడైనా ఒప్పుకుంటే సరిపోదు. ఎవరి ముందు మాట జారారో వాళ్లందరి ముందూ దాన్ని వెనక్కి తీసుకోవాలి. సగం మంది ముందు తీసుకుంటే సగమే తీసుకున్నట్టు.

మస్తాన్‌బీ లోపలికి వచ్చింది. తన చోట పీట వేసుకుని కూర్చుంది, దండెం మీది కట్ట ఒకటి దించింది. నేను దగ్గరికి వెళ్లి ఆమె ఎదురుగా నేలమీద కూర్చున్నాను.

"నన్ను క్షమించావా అక్కా?" అన్నాను.

ఆమె తలెత్తలేదు. కట్టలోంచి ఒక చుట్ట లాగి నా చేతిలో పెట్టింది.

"క్షమించే సంగతి అల్లా చూసుకుంటాడు. నువ్వు ఇది ఆరిందో లేదో చూడు" అంది.

ఊపిరి బిగబట్టి విన్నాను. ఆరలేదు. అందరికీ వినపడేట్టు ఆ మాట చెప్పి, కట్టను నా చేతులతోనే మళ్లీ దండెం మీద వేశాను.